నగకు వెలుగు, నగకు వెనుతెర

కొంతకాలము క్రిందట, వెండి తీగెపని చేయు కళాకారుల సంభాషణను ధ్వనిముద్రణ చేయుటకై మేము కరీంనగర్ వెళ్ళినాము. కమ్మచ్చు రంధ్రములగుండా వెండితీగె సాగుచున్నప్పటి సన్నని కీచుధ్వని, ఊదుగొట్టపు బుస, చిన్న సుత్తి చప్పుడు — అన్నీ మా యంత్రమునకు చక్కగా చిక్కినవి. తిరిగి వచ్చుటకు ముందు, ప్రసంగపాఠముతోపాటు పత్రికలో వేయుటకు ఒక బొమ్మ కూడ ఉంటే బాగుండునని తోచినది. అప్పుడే పూర్తియైన ఒక వెండి పతకమును వరండాలో తెల్లని గుడ్డమీద ఉంచి, ఫ్లాష్ వెలిగించి ఛాయాచిత్రము తీసినాము.

ధ్వనిని పట్టుటలో ఎన్నో ఏండ్ల అలవాటున్న మాకు వెలుగును పట్టుటలో ఎంత తక్కువ తెలుసునో ఆ బొమ్మ వెంటనే చెప్పినది. తెల్లని గుడ్డమీద ఒక తెల్లని మచ్చ. ఆ మచ్చలో అక్కడక్కడ నల్లని చారలు. అంతే. పతకము చేసిన పెద్దమనిషి కెమేరా వెనుక తెరను చాలాసేపు చూచి, "ఇండ్ల తీగెలు ఏడున్నయి సారూ? పోతపోసిన బిళ్ళ లెక్కున్నది" అన్నారు. ఆయన గొంతులో కోపము లేదు. కాని అంతకంటె బరువైన మాట మేము ఆ దినమున మరొకటి వినలేదు.

ఆ మాటలోని బరువు తెలియవలెనంటే ఆ పని తెలియవలెను. వెండిని కమ్మచ్చులో ఒక రంధ్రము తరువాత అంతకంటె చిన్న రంధ్రములో దూర్చి లాగుచు, వెండ్రుకను తలపించునంత సన్నని తీగెగా తీస్తారు. అటువంటి రెండు తీగెలను కలిపి మెలివేసి, కొంచెము నొక్కి చదును చేస్తారు. ఆ మెలితీగెను పట్టకారుతో చుట్టలుగా, ఆకులుగా, తీవెలుగా వంచి, మందపు తీగెతో కట్టిన చట్రములో కూర్చి, వెలిగారము చల్లి, టంకముతో అతుకుతారు. 2007లో భౌగోళిక గుర్తింపును పొందిన ఈ పనిలో విలువ అంతయు వెండి తూకములో లేదు. ఆ మెలికలో ఉన్నది. బొమ్మలో మెలిక కనిపించకపోతే, రోజుల తరబడి చేసిన పని ఒక్క గడియలో అచ్చులో పోసిన బిళ్ళతో సమానమైపోతుంది. ఈనాడు కొనువారు దుకాణమునకు వచ్చి నగను చేతిలోకి తీసుకొను సందర్భములు తగ్గుచున్నవి. ఎక్కడో దూరాన ఉండి, సెల్‌ఫోను తెరమీద బొమ్మ చూచి, ధర న్యాయమా అన్యాయమా అని నిర్ణయించుకొనువారు పెరుగుచున్నారు. కనుక చేతిపని నగకు ఛాయాచిత్రము తీయుట వినోదము కాదు. చేసినవారి కూలికి సంబంధించిన విషయము.

మా తప్పు ఏమిటో తెలుసుకొనుటకు శ్రోతలు తమ ఇంటిలోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. రాత్రివేళ వంటింటిలోని స్టీలు గరిటెను బోర్లించి దీపము క్రింద పట్టుకొని చూడండి. గరిటె వీపుమీద ఒక చిన్న తెల్లని చుక్క మెరుస్తుంది. అది గరిటెమీద పడిన వెలుగు అనుకుంటాము. దగ్గరగా చూస్తే అది దీపముయొక్క ప్రతిబింబము. దాని చుట్టు ఉన్న నలుపు గరిటె నలుపు కాదు. చీకటిగా ఉన్న గది నలుపు. ఇప్పుడు ఒక తెల్లకాగితమును గరిటె ప్రక్కగా, దీపపు వెలుగు కాగితముమీద పడునట్లు పట్టండి. గరిటె సగభాగము తెల్లగా, నునుపుగా, నిండుగా మారుతుంది. దీపము మారలేదు, గరిటె మారలేదు; గరిటె చూచు దృశ్యము మారినది.

నగల ఛాయాచిత్రణ అంతయు ఈ ఒక్క గరిటెలో ఉన్నది. నూలుగుడ్డ, చెక్క, మట్టికుండ వంటి వస్తువులు తమమీద పడిన వెలుగును అన్ని దిక్కులకు వెదజల్లుతాయి. కనుక వాటికి ఎటునుండి వెలుగు వేసినను వాటి రంగు, రూపము కొంతవరకైనను కనిపిస్తాయి. మెరుగుపెట్టిన లోహము అట్లు చేయదు. వెలుగు ఏ కోణమున వచ్చిపడినదో అదే కోణమున ఆవలికి పంపివేస్తుంది. అది అద్దము. అద్దమునకు వెలుగు వేయుట అనునది లేదు. అద్దము ముందు ఏమి పెట్టవలెను అనునదే ప్రశ్న. అందులోను వెండి, కంటికి కనిపించు వెలుగులో నూటికి తొంబది పాళ్ళకు మించి తిరిగి పంపివేస్తుంది. తనదంటూ ఒక రంగు దాదాపు లేదు. బంగారము నీలపు వెలుగును కొంత మింగి, పసుపు, ఎరుపు వెలుగులను తిరిగి ఇస్తుంది. అందుచేత తెల్లని కాగితమును చూపినను పచ్చగానే చూపుతుంది. వెండికి ఆ ఆసరా కూడ లేదు. దాని చుట్టు ఉన్నదే దాని రూపము.

ఇప్పుడు మా వరండా బొమ్మ సంగతి తేలిపోయినది. ఫ్లాష్ చాల చిన్నది. పైగా కెమేరా కటకము ప్రక్కనే ఉన్నది. పతకములో కటకమునకు ఎదురుగా ఉన్న ముఖములు ఆ మెరుపును సూటిగా కటకములోకి విసిరి తెల్లని మచ్చలైనవి. తక్కిన ముఖములు చీకటి వరండాను, దానిలో నిలబడిన మమ్మును చూచి నల్లని చారలైనవి. ఆ రెండింటికి నడుమ, మెలికను చూపవలసిన మెత్తని బూడిదవన్నెలకు చోటే లేకపోయినది. కనుక నగల విషయములో మొదటి సూత్రము ఇది: కెమేరామీది ఫ్లాష్‌ను వెలిగించరాదు.

రెండవ సూత్రము దీపపు పరిమాణమునకు సంబంధించినది. నిర్మలాకాశములో సూర్యుడు చాల ప్రకాశవంతుడు, కాని మన కంటికి చిన్న బిళ్ళవంటివాడు. కనుక నీడలు కత్తితో కోసినట్లు పడతాయి. మబ్బు కమ్మినప్పుడు ఆకాశమంతయు ఒక పెద్ద దీపమవుతుంది, నీడలు మెత్తబడతాయి. నగ చిన్నది కావడము ఇక్కడ మనకు కలిసివచ్చు అదృష్టము. మనిషి ముఖమునకు మెత్తని వెలుగు కావలెనంటే గొడుగంత తెర కావలెను. ఉంగరమునకు ఒక ట్రేసింగు కాగితమే మబ్బు పట్టిన ఆకాశము. అయితే ఆ కాగితము నగకు దగ్గరగా ఉండవలెను. జానెడు దూరములో ఉన్న కాగితము ఉంగరమునకు ఆకాశములో సగము. అదే కాగితము ఆరడుగుల దూరములో ఉంటే కిటికీ ఊచల నడుమ కనిపించు మబ్బుతునక. వెలుగును మెత్తపరచునది కాగితముయొక్క స్వభావము మాత్రమే కాదు, నగనుండి దాని దూరము కూడ.

ఇంతవరకు తెలుసుకొన్న చాలమంది ఉత్సాహముతో నగ చుట్టు, పైన, అన్నివైపుల తెల్లని గుడారము కడతారు. అట్టి గుడారపు పెట్టెలు బజారులో దొరుకుతాయి కూడ. మచ్చలు పోతాయి, నిజమే. కాని దానితోపాటు రూపము కూడ పోతుంది. అన్నివైపుల తెలుపునే చూచిన వెండి అన్నివైపుల తెల్లగానే ఉండి, సుద్దతో చేసినట్లు కనిపిస్తుంది. అంచు ఎక్కడ ముగిసినదో, గుంట ఎక్కడ మొదలైనదో చెప్పునది నలుపే. కనుక గుడారములోనికి కొంత నలుపును మరల కొనిరావలెను. నల్లని అట్టను వేలెడు వెడల్పు పట్టీలుగా కత్తిరించి నగకు ఇరుప్రక్కల నిలబెడితే, ఆ పట్టీల ప్రతిబింబములు నగ అంచులవెంట సన్నని నల్లగీతలుగా దిగుతాయి. చిత్రకారుడు కలముతో రేఖ గీసినట్లు నగ విడివడి నిలుస్తుంది. వెలుగు ఎంత వేయవలెనో తెలియుట సగము విద్య. ఎక్కడ ఆపవలెనో తెలియుట మిగిలిన సగము.

ఇప్పుడు ఇంటిలో చేయదగిన ఒక ఏర్పాటును చెప్పుతాము. ఎండ నేరుగా పడని కిటికీని, వీలైతే ఉత్తరపు కిటికీని ఎన్నుకొనండి. గదిలోని దీపములన్నియు ఆర్పివేయండి. కిటికీకి రెండు మూడడుగుల దూరములో ఒక చిన్న బల్ల వేసి, కిటికీకి బల్లకు మధ్య ట్రేసింగు కాగితమో, ఉతికిన పలుచని తెల్ల పంచెయో వ్రేలాడదీయండి. బల్లకు రెండవవైపున, పనిని అనుసరించి, తెల్లని థర్మోకోలు పలకనో నల్లని అట్టనో నిలబెట్టండి. నున్నని కంటెకు, ఉంగరమునకు తెల్లని పలక మేలు. అంచులకు మాత్రము నల్లని పట్టీలు చాలును. మెలితీగెపనికి, నకాసీ చెక్కడమునకు, గుండ్లపేరునకు నల్లని అట్ట మేలు. ఒకవైపు కిటికీ తెలుపు, మరొకవైపు అట్ట నలుపు ఉన్నప్పుడు, మెలితీగెలోని ప్రతి మెలిక ఒక ప్రక్కన తెల్లగా, మరొక ప్రక్కన నల్లగా విరిగి, త్రాడు పేనిక వలె స్పష్టమవుతుంది. మేము వరండాలో పోగొట్టుకొన్నది సరిగా ఇదే.

కెమేరాను చేతితో పట్టక, స్టాండుమీదనో పుస్తకముల దొంతరమీదనో నిలిపి, రెండు క్షణముల ఆలస్యముతో తీయు ఏర్పాటును వాడుకొనవలెను. ఫోనును నగకు మరీ దగ్గరగా తీసుకుపోతే ముందుభాగము ఉబ్బినట్లు వస్తుంది. పైగా ఫోను నీడ, ప్రతిబింబము నగమీద పడతాయి. కొంచెము వెనుకకు జరిగి, రెండింతలు పెద్దదిగా చూపు కటకము ఉంటే దానిని వాడుట మంచిది. తీయువారు ఎరుపు చొక్కా, జరీచీర ధరించియుంటే ప్రతి గుండులోను ఆ రంగు చుక్క ఒకటి చేరుతుంది. ముదురు వన్నె సాదా దుస్తులు ధరించవలెను. పెద్ద నున్నని గుండు అయితే, ఒక అట్టకు కటకమంత రంధ్రము చేసి, ఆ రంధ్రములోనుండి తీస్తే, గుండులో మన ముఖమునకు బదులు అట్టయే కనిపిస్తుంది.

వెలుగు తరువాత వెనుతెర. నగ క్రింద, వెనుక పరచిన వస్తువును చాలమంది అలంకారముగా భావిస్తారు. కాని లోహము అద్దమని ఒప్పుకొన్న తరువాత, వెనుతెర కూడ నగ చూచు దృశ్యములో ఒక భాగమే. అది రెండవ దీపము వంటిది. నగల పెట్టెలోని ఎర్రని మఖమలుమీద ఉంచిన వెండి గొలుసు అడుగుభాగమంతయు ఎర్రబారుతుంది. నగల దుకాణములలో బంగారునగను గులాబిరంగు కాగితములో పొట్లము కట్టి ఇచ్చు ఆచారము మనకందరకు తెలిసినదే. ఆ కాగితపు గులాబివన్నె లోహములో ప్రతిఫలించి పచ్చదనమును మరింత కెంపెక్కించి చూపుతుంది. కంటికి ఇంపే, కాని వస్తువు అసలు రంగు తెలుపవలసిన బొమ్మకు ఆ కాగితము తగదు.

తెల్లని వెనుతెర పుస్తకములకు, పట్టికలకు అనుకూలము. కాగితమును బల్లమీద పరచి, వెనుక మడత పడకుండ వంపుగా పైకెత్తి గోడకు ఆనిస్తే, నేలకు గోడకు నడుమ గీత కనిపించదు. బంగారమునకు, రాళ్ళ నగలకు ఇది సరిపోతుంది. వెండికి మాత్రము తెలుపుమీద అంచులు కరగిపోతాయి. నల్లని పట్టీలు లేనిదే వాడరాదు. నల్లని మఖమలు వెలుగును పూర్తిగా మింగి నగను గాలిలో తేల్చినట్లు చూపుతుంది. తీగెల నడుమ ఉన్న ఖాళీలు నల్లబడి, తీగెలు తెల్లగా లేస్తాయి. కాని దుమ్ము కణము, నూలుపోగు ఒక్కటైనను దాగదు. నల్లని గాజు లేక అక్రిలిక్ పలక నగకు అడుగున ఒక ప్రతిబింబమునిస్తుంది. ఒక్కజత కమ్మలకు అది అందము, చిక్కని పనికి అది గందరగోళము. ఈ రెంటికి నడుమ ఉన్న బూడిదవన్నె కాగితమే అన్నిటికంటె విశ్వాసపాత్రమైనది. దానిమీద తెలుపూ నిలుస్తుంది, నలుపూ నిలుస్తుంది. పిల్లలు వ్రాసుకొను రాతిపలకను కడిగి ఆరబెట్టితే అంతకు మించిన వెనుతెర అరుదు.

ఇక్కడ కెమేరా స్వభావమును గూర్చి ఒక మాట. కెమేరాలోని కొలమానము తాను చూచు దృశ్యము మొత్తముమీద నడిమి బూడిదవన్నె అని ఊహించుకొని వెలుగును లెక్కిస్తుంది. అందుచేత నల్లని మఖమలుమీద చిన్న వెండి పతకమును పెట్టితే, దృశ్యము మరీ చీకటిగా ఉన్నదని భ్రమించి అధికముగా వెలుగు తీసుకుంటుంది. మఖమలు బూడిదగాను, పతకము వట్టి తెల్లగాను వస్తాయి. తెల్లకాగితముమీద దీనికి విపర్యయము. కాగితము మురికిగా, బంగారము మసకగా వస్తాయి. ఫోనులో నగను వ్రేలితో తాకి, ప్రక్కన కనిపించు సూర్యుని గుర్తును పైకో క్రిందికో జరిపి దీనిని సరిదిద్దుకొనవచ్చును. తెల్లని భాగములో కూడ తీగె గీతలు కనిపించునంతవరకు తగ్గించుట క్షేమము. పూర్తిగా తెల్లబడిన చోటును తరువాత ఏ ఉపాయముచేతను తిరిగి పొందలేము.

నేతచీరలు, రాళ్ళు, చెక్క, అరటాకు — ఇట్టివానిని కూడ వెనుతెరలుగా వాడుచున్నారు. దోషము లేదు, కాని వాటి నేత, వాటి గరుకుదనము నగ పనితనముకంటె సాదాగా ఉండవలెను. బుటాల పట్టుచీరమీద తీగెపతకమును పెట్టితే చూచువారి కన్ను చీరెను చూచి తిరిగి వస్తుంది. ముతక ఖద్దరుమీద అదే పతకము రాణిస్తుంది.

వెలుగుకు రంగు కూడ కలదు. దానిని కెల్విన్ మానములో చెప్పుతారు. పాతకాలపు తీగె బల్బు సుమారు 2,700, మధ్యాహ్నపు ఎండ సుమారు 5,500, నీడపట్టున ఆకాశము వెలుగు 7,000 లేక అంతకు మించి. సంఖ్య తగ్గినకొలది వెలుగు పచ్చబడుతుంది, పెరిగినకొలది నీలముగా మారుతుంది. కెమేరా ఏదో ఒక రంగు వెలుగునకు సర్దుకొనగలదు; ఒకేసారి రెండింటికి సర్దుకొనలేదు. కిటికీ వెలుగులో తీయుచు గదిలోని బల్బును వెలిగించి ఉంచితే, వెండి గాజు ఒకవైపు నీలముగా, మరొకవైపు పసుపుగా వస్తుంది. గదిలో దీపములు ఆర్పుమన్నది ఇందుకే. రాత్రి తీయక తప్పనివారు ఒకే రకము ఎల్.ఇ.డి. దీపములను, రంగులను సరిగా చూపు శక్తి నూటికి తొంబదికి పైగా ఉన్నవానిని ఎన్నుకొనవలెను. ఆ సంఖ్య తరచుగా డబ్బామీద ముద్రించి ఉంటుంది.

రంగు ప్రసక్తి వచ్చినది కనుక, మన ఇండ్లలో గోడకు వ్రేలాడు తాతమ్మల పటములను జ్ఞాపకము చేసుకుందాము. వానిలో కాసులపేరు నల్లగా, కెంపుల కమ్మలు నల్లపూసలవలె కనిపిస్తాయి. అది కాలముచేత వచ్చిన మాసుదనము మాత్రమే కాదు. తొలినాటి ఛాయాచిత్ర ఫలకములు నీలపు వెలుగును మాత్రమే బాగుగా గ్రహించేవి. పసుపు, ఎరుపు వాటికి చీకటితో సమానము. 1892లో హైదరాబాదులో స్త్రీలకై ప్రత్యేకముగా ఛాయాచిత్రశాలను తెరిచిన రాజా దీన్‌దయాళ్ వంటి మహా ఛాయాగ్రాహకుల కాలములో కూడ బంగారమును బంగారువన్నెతో చూపు మార్గము సామాన్యముగా లేదు. నేడు మన చేతిలోని చిన్న ఫోను ఆ పని చేయగలదు. చేయగలిగిన దానిని సరిగా చేయకుండుటయే మన లోపము.

అన్ని నగలకు ఒకే వెలుగు పనికిరాదు. ముత్యమును చూడండి. సముద్రము లేని హైదరాబాదు ముత్యముల వర్తకమునకు పేరుపొందినది గదా! ముత్యపు నిగ్గు దాని పైపొరమీద ప్రతిబింబము ఎంత నిశితముగా ఏర్పడునో దానిలో ఉన్నది. మేలిముత్యములో కిటికీ ప్రతిబింబపు అంచులు తేటగా ఉంటాయి, నాసిముత్యములో చెదరిపోతాయి. కనుక ముత్యమును గుడారములో బంధిస్తే మేలిదానికి నాసిదానికి భేదము పోతుంది. ఒకే కిటికీ, దాని ఎదుట పలుచని తెల్లని పలక, క్రింద ముదురు బూడిద లేక ముదురు నీలి కాగితము — ఇది చాలును. ప్రతి ముత్యపు భుజముమీద ఒక్క కిటికీ మాత్రమే మెరవవలెను. రెండు మూడు మెరిసినచో కన్ను తడబడుతుంది.

సానపట్టిన రాయి దీనికి విరుద్ధము. దానికి మెత్తని వెలుగు మాత్రమే ఇస్తే నిద్రపోతుంది. కిటికీ వెలుగుకు తోడుగా ఒక చిన్న టార్చి దీపమును అడుగున్నర దూరములో పట్టి మెల్లగా త్రిప్పుచు, ఏ కోణములో రాతిలోపల నిప్పురవ్వలు లేచునో అక్కడ నిలపవలెను. చార్మినారు చెంత లాడ్‌బజారులో చేయు లక్కగాజులు 2024లో భౌగోళిక గుర్తింపును పొందినవి. వానిలో పొదిగిన అద్దపు బిళ్ళలు, రాళ్ళు ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కును చూస్తుంటాయి. పెద్ద తెర ఎదుట అవి అన్నియు తెల్లని చుక్కలు. చిన్న దీపము ఎదుట కొన్ని మెరసి, కొన్ని ఆగి, చేతికి తొడిగినప్పటి చలనమును గుర్తుచేస్తాయి. నల్లపూసలకు వెలుగు పూసలమీద కాక వెనుక ప్రక్కనుండి రావలెను. అప్పుడు ప్రతి పూస అంచున వెలుగురేఖ ఏర్పడి ఒకదానినుండి మరొకటి విడివడుతుంది. తీగెపతకమునకు మరొక చమత్కారము కలదు. ట్రేసింగు కాగితముమీద ఉంచి క్రిందినుండి వెలుగు ఇస్తే, తీవెల అల్లిక అంతయు నల్లని జాలిపనిగా కనిపిస్తుంది. కాని మెలిక కనిపించదు. కనుక అల్లికకు ఒక బొమ్మ, మెలికకు ఒక బొమ్మ — రెండూ తీయవలెను.

ఇక సత్యమునకు సంబంధించిన విషయము. పచ్చని బల్బు వెలుగులో రాగి కూడ బంగారమవుతుంది. బందరు చెంతనున్న చిలకలపూడి గిల్టు నగలు తమ పేరుతోనే గౌరవముగా అమ్ముడుపోవుచున్నవి. వాటిని మేలిమిగా భ్రమింపజేయు వెలుగు వాటికి అక్కరలేదు. కొన్నవారు పొట్లము విప్పి, బొమ్మలో చూచిన వన్నె లేదని తిప్పి పంపితే, పోవునది ఒక్క బేరము కాదు, చేసినవాని మాట. అందుచేత బొమ్మలలో ఒకదానిలోనైనను నగ ప్రక్కన స్కేలో రూపాయి నాణెమో ఉంచి పరిమాణము తెలుపవలెను. నగ వెనుకవైపును, కొక్కెమును, అతుకులను కూడ చూపవలెను. రంగులను మార్చు, గీతలను చెరుపు యంత్రసాధనములు నేడు సులభము. దుమ్మును తుడుచుటకు వాడవచ్చును. తీగెలోని చిన్న వంకరను సరిచేయుటకు వాడరాదు. ఆ వంకరయే అది చేతితో చేసినదనుటకు సాక్ష్యము.

అమ్మకముతో పనిలేని గృహస్థులకు కూడ ఈ విద్య అవసరమే. మన ఇండ్లలో పాత నగలు నిలుచుట తక్కువ. అమ్మమ్మ వంకీ మనుమరాలి గొలుసవుతుంది. జడబిళ్ళ రెండు జతల గాజులవుతుంది. బంగారము ఎక్కడికీ పోదు. పోవునది రూపము. మూసలో కరగిన ఆ గడియతో, పేరైనను తెలియని ఒక కంసాలి చేతిపని లోకములో లేకుండపోతుంది. కరగించుట తప్పని మేము అనము. ఆ ఇంటి అవసరము ఆ ఇంటివారికే తెలుసు. కాని మూసలో వేయుటకు ముందు ఒక ఉదయము ఆ నగను కిటికీ చెంత పెట్టి, ముందు, వెనుక, ప్రక్కగా మూడు బొమ్మలు తీయుటకు అర్ధగంట చాలును. చెక్కిన అక్షరములు, ముద్రలు ఉంటే వెలుగును ప్రక్కనుండి, నగమీద పాకునట్లు పడనిస్తే గుంటలలో నీడ నిలిచి అక్షరములు చదువుటకు వీలవుతుంది. ఆ బొమ్మలను ఇంటి పత్రములతో భద్రపరచుకొనవలెనే కాని నలుగురికి పంచిపెట్టుట క్షేమము కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

మా కరీంనగర్ కథకు ముగింపు మిగిలినది. మరునాడు ఉదయము ఆ పెద్దమనిషి ఇంటిలోనే, ఎండ పడని కిటికీ ప్రక్కన, వారి మనుమని రాతిపలకమీద అదే పతకమును ఉంచినాము. కిటికీకి తెల్లని పంచె; ఎదురుగా నల్లని అట్ట. ఫ్లాష్ లేదు. బొమ్మను తెరమీద పెద్దదిగా చేసి ఆయన చేతికిచ్చినాము. ఆయన కళ్ళద్దములు సవరించుకొని, వ్రేలిగోటితో ఒక్కొక్క చుట్టనే లెక్కించుచు పోయి, ఒకచోట ఆగినారు. "ఈ చుట్ట జర లేచింది. నిన్న నా కండ్లకే కనపడలే" అన్నారు. పతకమును తీసుకొని, పట్టకారు కొనతో ఆ చుట్టను మెల్లగా అదిమి, తిరిగి పలకమీద పెట్టి, "ఇగ తియ్యుండ్రి" అన్నారు.

ఆ రెండవ బొమ్మనే పత్రికకు పంపినాము.